అంగడిల చూసిన సండా మన దిక్కుదేనా? (నాందేడ్, చంద్రపూర్, గజపతి వాళ్ళు చూడున్రి)

మిర్చి_రైతు · ధర్మాబాద్, నాందేడ్ జిల్లా · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మొన్న అంగడికి మిర్చి బస్తాల పని మీద పోయిన. రోడ్డు పక్కకు ఒకడు గోనెసంచి పరిచి కూసున్నడు. ముంగట చిన్న పొయ్యి, దాని మీద గిన్నె, పక్కకు ఆరు జీవాలు. మూర కంటె కొంచెం తక్కువ పొడుగు, ఎండిన మట్టి రంగు, మొద్దు మూతి. తోక మాత్రం ఎన్నడు చూడలే. వరుస వరుసకు ముళ్ళు, కడియాలు ఎక్కిచ్చినట్టు.

"సండా తేల్, కమర్ దర్ద్, జోడ్ దర్ద్" (సండా నూనె, నడుము నొప్పికి, కీళ్ళ నొప్పికి) అని అరుస్తున్నడు. ఏడికెల్లి తెచ్చినవ్ అని అడిగితే కిన్వట్ అడవిల పట్టిన అంటడు. తాడు కట్టలే, బోనుల పెట్టలే, అయినా ఒక్కటి గూడ ఉరుకలే. నాకు అదే సమజ్ కాలే.

మా చిన్నాయన ఇది పిల్ల ఉడుము అంటున్నడు. నాకు మనసు ఒప్పుతలేదు. నాలుగు ఫోటోలు పెట్టిన. ఇది ఉడుమా, తొండనా? మన దిక్కు ఉంటదా?

ప్రాణహిత_ఒడ్డు · సిరొంచ, గడ్చిరోలి జిల్లా · 9:40

ఉడుమే తమ్మీ, ఇంకేంది. మరాఠోళ్ళు ఘోర్పడ్ అంటరు. మా తాత చిన్నప్పుడు ఎన్ని పట్టిండో. పట్టుకుంటే ఇడువది, అందుకే ఉడుం పట్టు అన్నరు. తోక మీద ముళ్ళంటవా, ఎండకు చర్మం ఎండితే అట్లనే కనవడ్తది.

కిన్వట్_కాకా · కిన్వట్, నాందేడ్ జిల్లా · 9:58

కిన్వట్ అడవి అన్నడా? నలభై ఏండ్ల సంది ఈ టేకు అడవిల తిరుగుతున్న. అట్లాంటి తోక ఒక్కనాడు చూడలే.

రిటైర్డ్_జువాలజీ · దెగ్లూర్, నాందేడ్ జిల్లా · 10:31

మిర్చి రైతు గారూ, ఫోటోలు బాగా వచ్చాయి. ఇది ఉడుము కాదు, ఉడుము పిల్లా కాదు. మీ చిన్నాయన గారికి చెప్పడానికి మూడు గుర్తులు ఇస్తాను.

ఉడుము నాలుక పాము నాలుకలా రెండుగా చీలి ఉంటుంది, మాటిమాటికీ బయటికి చాపుతుంది. దీని నాలుక కండగా, పొట్టిగా ఉంటుంది. ఉడుము మాంసాహారి. గుడ్లు, ఎలుకలు, పురుగులు, కళేబరం, దేన్నీ వదలదు. ఇది ఆకులు, పూలు, గడ్డి తిని బతికేది. మూడోది తోక. మన ఉడుము తోక సన్నగా సాగి కొరడాలా ఉంటుంది, ముళ్ళు ఏ వయసులోనూ ఉండవు. ప్రాణహిత గారూ, చర్మం ఎండితే ముళ్ళు మొలవవండీ.

ఇక వర్గీకరణ. ఉడుము వరానిడే కుటుంబం. మీ ఫోటోల్లోది సండా, అంటే ముళ్ళతోక బల్లి. అది అగామిడే కుటుంబం, అంటే మన పెరటి తొండ కుటుంబమే. అందులో యూరోమాస్టిసినే అనే ఉపకుటుంబానికి చెందింది. చూడ్డానికి ఉడుము దగ్గరగా అనిపించినా, నిజమైన చుట్టరికం తొండతోనే. అగామిడే జీవుల పళ్ళు దవడ అంచుకే అతుక్కుని ఉంటాయి, మనలా గుంటలో దిగి ఉండవు. ఊసరవెల్లి పళ్ళూ అంతే. ఈ రెండు కుటుంబాలనూ కలిపి అక్రోడాంటా అంటారు. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అన్న మన పెద్దవాళ్ళు దవడలు విప్పి చూడలేదు గానీ, చుట్టరికం మాత్రం సరిగ్గానే పట్టుకున్నారు.

పూర్తి పేరు రేపు రాస్తాను, కళ్ళు మూతపడుతున్నాయి.

రాజురా_లారీ · రాజురా, చంద్రపూర్ జిల్లా · సోమవారం ఉదయం 5:20

నేను వీటిని వాటి సొంత ఊర్లనే చూసిన. లోడు మీద జోధ్‌పూర్ దాటి ఫలోదీ, పోకరణ్ దిక్కు పోతుంట. ఎడారి అంటే అంతా ఇసుక గుట్టలే అనుకుంటం గద, ఇవి గుట్టల మీద ఉండయి. గట్టి నేల, చదును, కొంచెం గులకరాయి, ఆడాడ జమ్మి చెట్లు (ఆడ ఖేజ్రీ అంటరు, మన దసరా జమ్మే). అసోంటి జాగల నేల నిండ బొరియలు. ఒక్కో బొరియకు ఒక్కటే. పొద్దెక్కినంక బయటికొచ్చి ఎండ కాగుతయి. మనిషి నీడ పడిందా, చటుక్కున లోపలికి. తోక మాత్రం బొరియ మూతికి అడ్డం పెడ్తది. దాన్ని చూసి నక్క గూడ మొకం తిప్పుకోవాలె.

పొద్దుగూకంగనే లోపలికెల్లి మట్టితోని మూతి మూసుకుంటది. చలికాలం మొత్తం లోపలనే. మన దిక్కు అసోంటి బొరియలు నేనైతే చూడలే.

ఇంకో మాట. అవి ఎందుకు ఉరుకలేదో నాకు తెలుసు. పట్టినోళ్ళు ముందే నడుము ఇరుగ్గొడ్తరు. ప్రాణం ఉంటది, కాళ్ళు పనిచెయ్యయి.

మిర్చి_రైతు · 6:45

అయ్యో. నేను మంచిగ మాలిమి చేసిండు అనుకున్న.

మోడరేటర్ · 8:10

మొదటి పోస్టులో రెండో ఫోటో తీసేశాను, అమ్మేవాడి ముఖం కనిపిస్తోంది. మిగతావి ఉంచాను. ఏ అంగడి, ఏ మూల అనేది ఇక్కడ రాయొద్దు.

మహేంద్రతనయ · పర్లాకిమిడి, గజపతి జిల్లా · 11:05

సార్, మాకాడ ఉందండీ ఇది! ఒడిశా సరీసృపాల జాబితా ఒకటి నా దగ్గరుంది, దాన్లో "హార్డ్‌వికీ" అని చక్కగా రాసుంది. సండా శాస్త్రీయ నామం ఫోన్లో ఎతికితే అక్కడా హార్డ్‌వికీయే. మరైతే ఒడిశా దాకా ఉన్నట్టే కదా? నాందేడ్లో ఎందుకుండకూడదు?

పైగా నేను చూసేను కూడా. మా కొండ కింద ఇల్లు కడతన్నప్పుడు రాళ్ళు తీస్తుంటే రాత్రిపూట బయటికొచ్చింది. ముదురు గోధుమ, లేత పసుపు అడ్డపట్టీలు, లావు తోక. మా ఒడియా పక్కింటోలు కాలకూట అని కేకలేసి చంపీబోతే మా నాన్న అడ్డం పడ్డారు.

రిటైర్డ్_జువాలజీ · మధ్యాహ్నం 2:15

మహేంద్రతనయ అమ్మా, మీరు చూసింది నిజం. జాబితా కూడా నిజం. కలిపిన ముడి మాత్రం తప్పు. అయితే చాలా మంచి తప్పు, నా విద్యార్థులు కూడా ఇదే చోట బోర్లా పడేవాళ్ళు.

హార్డ్‌వికీ జంతువు పేరు కాదు, మనిషి పేరు. థామస్ హార్డ్‌విక్ అని ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి, మేజర్ జనరల్. భారతదేశంలో ఉన్నన్నాళ్ళూ జంతువుల బొమ్మలు గీయించి పోగుచేశాడు. 1827లో జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త కొత్త బల్లులకు పేర్లు పెడుతూ ఆయన పేరును రెండింటికి ఇచ్చాడు. ఒకటి ఎడారి సండా, రెండోది మీ కొండ కింది పట్టీల బల్లి. మన ఊళ్ళో ఒకే తాత పేరు ఇద్దరు మనవళ్ళకు పెట్టినట్టే. ఇంటిపేరు చూడకుండా ఎవరో చెప్పలేం.

మీది యూబ్లెఫారిస్ హార్డ్‌వికీ, తూర్పు భారత లెపర్డ్ గెకో. కుటుంబం యూబ్లెఫారిడే. గోడ మీది బల్లికి కనురెప్పలుండవు, దీనికి ఉంటాయి, ఆర్పుతుంది. గోడ బల్లిలా వేళ్ళకు అతుక్కునే మెత్తలు ఉండవు, అందుకే రాళ్ళ మధ్య నేల మీదే తిరుగుతుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఉత్తర కోస్తా కొండలు దీని చోటు. విషం అనేది ఒట్టి మాట. మన దేశంలో విషపు బల్లి ఒక్కటీ లేదు. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

సండాది సారా హార్డ్‌వికీ.

కిన్వట్_కాకా · 2:31

సారా? పట్టపగలే బాగుంది పేరు.

రిటైర్డ్_జువాలజీ · 3:50

కాకా, తరగతిలో ఈ జోకు ముప్పై ఏళ్ళు భరించాను.

సరే, ఆ పేరు కథే చెబుతాను, ఎందుకంటే దాన్లో అసలు విషయం ఉంది. 1820లో మెర్రెం అనే జర్మన్ యూరోమాస్టిక్స్ అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పెట్టాడు. గ్రీకులో ఊరా అంటే తోక, మాస్టిక్స్ అంటే కొరడా. గ్రే 1827లో సండాను ఆ ప్రజాతిలోనే పెట్టి యూరోమాస్టిక్స్ హార్డ్‌వికీ అన్నాడు. 1845లో ఆయనే సారా అనే పేరు తెచ్చాడు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నేను చదువుకున్నప్పుడూ, పాఠం చెప్పినప్పుడూ యూరోమాస్టిక్స్ అనే రాశాం. 2009లో విల్మ్స్, బోమె, వాగ్నర్, మరో ఇద్దరు కలిసి ఈ గుంపు మొత్తాన్ని డీఎన్‌ఏతోనూ ఒంటి లక్షణాలతోనూ పరీక్షించి, మూడు జాతులు మిగతావాటికి వేరు అని తేల్చి, మూలపడ్డ సారా పేరును మళ్ళీ బయటికి తీశారు. ఆ మూడు: మన హార్డ్‌వికీ, ఇరాన్-అఫ్ఘాన్-పాకిస్తాన్ వైపు ఆస్ముసీ, ఇరాన్-ఇరాక్ వైపు లొరికాటా. ఆఫ్రికా, అరేబియా ముళ్ళతోకలన్నీ యూరోమాస్టిక్స్‌లోనే ఉండిపోయాయి.

తేడా కంటితో చూడొచ్చు. మిర్చి రైతు గారి ఆఖరి ఫోటో పెద్దది చేయండి. ఒక ముళ్ళ వలయానికీ తర్వాతి వలయానికీ మధ్య చిన్న నున్నటి పొలుసుల వరసలు కనిపిస్తున్నాయా? అదే సారా. యూరోమాస్టిక్స్‌లో ఆ మధ్య వరసలు ఉండవు, వలయం వెంట వలయం. ఇంకా, వెనక తొడ ముందు భాగంలో నల్ల మచ్చ ఉంది చూశారా? హార్డ్‌వికీకి అదొక గుర్తు. కాబట్టి మీ అంగడిలోవి అవే, సందేహం లేదు.

ఇంకో చిన్న చిట్కా మహేంద్రతనయ అమ్మకు. మంచి జాబితాల్లో సారా హార్డ్‌వికీ తర్వాత గ్రే, 1827 అన్నది బ్రాకెట్లో ఉంటుంది. లెపర్డ్ గెకో పేరు పక్కన బ్రాకెట్ ఉండదు. బ్రాకెట్ ఉంటే ఆ జంతువు మొదట పెట్టిన ప్రజాతి నుంచి ఇల్లు మారిందని అర్థం. అత్తారింటికి వెళ్ళిన పిల్ల ఇంటిపేరు మారినట్టు. బ్రాకెట్ లేదంటే పుట్టింట్లోనే ఉందని.

మహేంద్రతనయ · 4:20

సార్! ఇప్పుడే నా జాబితా తీసి చూసేను. బ్రాకెట్ నేదు! ఇన్నాళ్ళూ అది అచ్చుతప్పు అనుకుంటన్నాను.

మోకాళ్ళ_నొప్పి · లాతూర్ · 6:02

ఇవన్నీ సరే గాని, మా అమ్మకు మోకాళ్ళు మస్తు నొస్తున్నయి. ఆ తైలం పనిచేస్తదా లేదా? సూటిగ చెప్పున్రి.

రాజురా_లారీ · 6:15

నేను రెండు సార్లు కొని నడుముకు రాసిన, పదేండ్ల కింద, తెల్వక. నూనె రుద్దినప్పుడు వెచ్చగుంటది, తెల్లారి మళ్ళ అదే నొప్పి. నువ్వుల నూనె రుద్దినా అంతే హాయి. చలికాలానికని అది తోకల, పొట్టల దాచుకున్న కొవ్వు అది. దాన్ని కరిగిచ్చి సీసాల పోస్తున్నరు, మందు ఏం లేదు అండ్ల. అమ్మను డాక్టర్ దగ్గరికి తీస్కపో తమ్మీ.

రిటైర్డ్_జువాలజీ · 6:40

కొనడం కూడా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షిత జంతువు. అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై దేశాల ఒప్పందం) రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని వల్నరబుల్ అని లెక్కగట్టింది, అంటే అంతరించే ముప్పున్న జాతి.

ప్రాణహిత_ఒడ్డు · రాత్రి 8:30

సరే సార్, ఉడుము కాదు, ఒప్పుకున్న. కాని మన దిక్కు లేదని ఎట్ల రూఢి? బళ్ళారి దగ్గర ఉన్నయని నేనే ఏదో చదివిన. బళ్ళారిల ఉంటే నాందేడ్ ఎంత దూరం?

రిటైర్డ్_జువాలజీ · 9:45

ఈ చర్చలో ఇదే అసలు ప్రశ్న.

దీని సొంత చోటు పాకిస్తాన్‌లోని సింధ్, పంజాబ్, బలూచిస్తాన్, మన వైపు రాజస్థాన్, గుజరాత్. జైసల్మేర్, బాడ్‌మేర్, బికనేర్, చూరూ, అటు కచ్ఛ్, బన్నీ గడ్డిమైదానం. థార్ చుట్టూ ఉన్న పొడి నేలల్లో అక్కడక్కడా ఇంకొన్ని చోట్ల. అంతటితో ఆగుతుంది.

బళ్ళారి దగ్గర, చిక్కమగళూరు జిల్లా లక్కవళ్ళి దగ్గర విడిగా చిన్న గుంపులున్నట్టు నివేదికలున్న మాట నిజమే. కానీ ఆ నివేదికల వెంటే ఒక అనుమానం కూడా నడుస్తోంది: మనుషులు తెచ్చి వదిలినవేమోనని. ఎవరు తెస్తారు? మిర్చి రైతు గారి అంగడిలో కూర్చున్నలాంటివాడే. గోనెసంచిలో నూరో నూటయాభయ్యో వేసుకుని రైలెక్కుతాడు. రెండు తప్పించుకున్నాయనుకోండి. అప్పుడు ఎవరో ఫోటో తీస్తారు, ఇంకెవరో పటం మీద చుక్క పెడతారు. పదేళ్ళకు ఆ చుక్క "దక్కన్‌లో విస్తరణ" అయి కూర్చుంటుంది. నడుము విరిగిన జంతువుకు నాందేడ్ ఊరైపోతుంది.

అందుకే పాత సేకర్తలు సీసా మీద "బజారులో కొన్నది" అని విడిగా రాసేవాళ్ళు. అంగడిలో చూసింది అంగడి సాక్ష్యమే, అడవి సాక్ష్యం కాదు. అమ్మేవాడు కిన్వట్ అంటాడు, ఎందుకంటే తాజా సరుకు అంటేనే కొంటారు. రాజస్థాన్ అంటే పోలీసు అడుగుతాడు.

ఇంకో సంగతి నేల. సండా బొరియ రెండు మీటర్లకు పైనే, వంకర్లు తిరుగుతూ లోపలికి పోతుంది. గట్టిగా నిలిచే నేల కావాలి. మనది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్ళు, వానాకాలం ఉబ్బి ముద్ద. మృగశిరలో ఒక్క వాన చాలు, బొరియ మూసుకుపోతుంది. జైసల్మేర్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్లు పడితే గొప్ప, నాందేడ్‌లో దానికి నాలుగింతలు. ఇది నా అంచనాయే, కానీ మీరూ రైతులే, ఆలోచించండి.

ఆఖరిగా, దీనికి తెలుగులో ఊరి పేరు నేను వినలేదు. ఉడుము, తొండ, నలికీచు, ఊసరవెల్లి, అన్నిటికీ పేర్లున్నాయి. మన నేల మీద ఉంటే మన నోట్లో ఉండేది.

కిన్వట్_కాకా · 10:02

ఒంటెకు పేరుంది గద సార్. ఒంటె కిన్వట్ అడవిల ఉన్నదా?

రిటైర్డ్_జువాలజీ · 10:10

ఒప్పుకున్నాను కాకా. ఆఖరి పేరా కొట్టేసుకోండి.

మిర్చి_రైతు · బుధవారం రాత్రి 8:20

అటవీశాఖ హెల్ప్‌లైన్ 1926కి ఫోన్ చేసిన. మొదటిసారి అంతా చెప్తుంటే లైన్ కట్టయింది, రెండోసారి రాసుకున్నరు. ఇయ్యాల అంగడిల వాడు రాలే. గోనెసంచి పరిచిన కాడ నూనె మరక ఉన్నది, ఇంతే. వాడు ఇంకో ఊరి అంగడికి పోయిండో, అవి ఏమైనయో. వాడు గూడ పొట్టకోసమే వచ్చిండు, ఆ సంగతి గూడ మనసుల మెసలుతున్నది.

సార్, ఒక్క అడుగు. మన దిక్కు సండా లేదు సరే. మరి మన పొడి గట్ల మీద ఉన్నయేంది? మా చేను గట్టు మీద ఒకటి ఉన్నది. జానెడు గూడ ఉండది, రాయి ఎక్కి గొంతు కింద సంచి ఊపుతది. నీలం రంగు మెరుస్తది. మిర్చి ఎండబెట్టిన కల్లం కాడికెల్లి దినాం చూస్తున్న.

రిటైర్డ్_జువాలజీ · 9:05

అబ్బ! మీరు నాలుగు రోజులుగా రాజస్థాన్ బల్లి గురించి అడుగుతూ ఇంటి దగ్గర దాన్ని వదిలేశారు. అది విసనకర్ర గొంతు తొండ. అగామిడేయే, సండాకు దూరపు బంధువు.

దీని కథ ఇంకా తాజాది. 1829లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే పుదుచ్చేరి పేరు మీద సితానా పాంటిసెరియానా అని పెట్టాడు. ఆ తర్వాత దాదాపు దేశమంతా ఏ పొడి నేల మీద గొంతు సంచి కనిపించినా అదే పేరు రాసేశారు. 2016లో దీపక్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ద్వీపకల్పం అంతా తిరిగి చూసి, ఐదు కొత్త జాతులు, ఒక కొత్త ప్రజాతి తేల్చారు. ఆ కొత్త ప్రజాతి పేరు సరద. మరాఠీ సర్డా నుంచి వచ్చింది, అంటే మీ అంగడిలో రోజూ వినే మాటే. 2018లో నాగార్జునసాగర్ వైపు దొరికిన మరో జాతికి సితానా తొండలు అని పెట్టారు.

మహేంద్రతనయ · 9:12

తొండలు అంటే మన తొండలేనా సార్??

రిటైర్డ్_జువాలజీ · 9:14

మన తొండలే. లాటిన్ పుస్తకంలో బహువచనంతో సహా కూర్చుంది.

మిర్చి రైతు గారూ, మీది ఏ జాతో ఫోటో చూడకుండా చెప్పను. సరద మగదానికి గొంతు సంచి పెద్దది, ఒంటి మీద బాగా వెనక్కి పోతుంది, అంచు రంపంలా ఉంటుంది, నీలంతో పాటు నలుపు, ఎర్రనారింజ కలుస్తాయి. సితానాలో చాలావాటికి తెలుపు మీద కొంచెం నీలం. ఈ రంగులన్నీ ఎండాకాలం జతకట్టే రోజుల్లోనే. వానలు ముదిరితే అన్నీ ఒకేలా మట్టి రంగు. కాబట్టి ఇప్పుడే తీయండి, పట్టుకోకుండా, పక్క నుంచి, సంచి విప్పినప్పుడు. ముందుగా మాత్రం వెనక కాలి వేళ్ళు లెక్కపెట్టండి. మామూలు తొండకు ఐదు.

మిర్చి_రైతు · గురువారం ఉదయం 10:48

గంటన్నర గట్టు మీద బోర్లా పండుకున్న. మా ఆవిడ ఎండ దెబ్బ తాకిందనుకున్నది. ఫోటోలు మూడు పెట్టిన. సంచి పొట్ట సగం దాక ఉన్నది, అంచు రంపం లెక్కనే, ఎరుపు గూడ ఉన్నది.

ఏళ్ళు రెండు సార్లు లెక్కబెట్టిన. నాలుగే.